ఇద్దరాడే రాజ్యాలు

గుడివాడ స్టేషను మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టినప్పుడు హన్నాకి, చిన్నప్పటిలాగే, రైలు ఆగే ఉందనీ ఊరే తనని దింపేసి వెళ్లిపోతోందనీ అనిపించింది. కిటికీ పక్క సీటు దొరికింది, అదొక అదృష్టం, బందరు దాకా గంట ప్రయాణం, ఎవరి ముఖంలోకీ చూడక్కర్లేదు. తెల్లవారుజామున పడ్డ వానకి కిటికీ ఊచలు ఇంకా తడిగానే ఉన్నాయి, మోచెయ్యి ఆనించగానే జాకెట్టు తడిసింది, నీలం జాకెట్టు, నీలం చీర, అసలీ చీర ఎందుకు కట్టుకుంది, బీరువా తెరిచి చెయ్యి పెడితే ఇదే వచ్చింది, చేతికి ఇదే ఎందుకు రావాలి, ఈ చీర కట్టినప్పుడల్లా కళ్యాణ్ ఏమీ అనకుండా రెండుసార్లు చూసేవాడు, ఒకసారి గుమ్మంలో, ఇంకోసారి అద్దంలోంచి. విడాకులకి వెళ్తూ మొగుడికి నచ్చిన చీర ఎవరైనా కట్టుకుంటారా? సరేలే, కట్టుకుంది, ఇప్పుడేం చేస్తుంది. సంచిలో ఫోను మోగింది. చెల్లెలు జెనిఫర్.

"ఎక్కావా అక్కా? నేనూ వస్తానంటే వద్దన్నావు."

"ఎక్కానే. జడ్జిగారు అడిగితే అవునండీ అని చెప్పి రావడమేగా. దానికి ఇద్దరెందుకు?"

"బావ వస్తాడంటావా?"

"వస్తాడు. రానని చెప్పాలన్నా నోరు తెరవాలి కదా."

జెనిఫర్ నవ్వబోయి ఆపుకుంది, ఆ ఆపుకోవడం ఫోనులో వినిపించింది. తర్వాత సిగ్నల్ పోయింది. పట్టాల పక్క కాలవలో కొత్త నీళ్లు ఎర్రగా పరుగెత్తుతున్నాయి, చేలల్లో నాట్లు పడుతున్నాయి, వంగిన నడుములు, తలలకు చుట్టిన తువ్వాళ్లు, పచ్చటి నారు కట్టలు నీళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి విసిరేసినట్టు, ఇంకా నాటని మడి గోధుమరంగులో, నాటిన మడి ఆకుపచ్చలో, గట్లన్నీ గీతలు, పైనుంచి చూస్తే సరిగ్గా ఆ ఆటలో నేలలాగే ఉంటుంది, గడులు గడులుగా. ఏది చూసినా అక్కడికే వెళ్తుంది మనసు. నలభై దాటిన మనిషి, డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మేడమ్, చేలు చూసి ఆట తలుచుకుంటోంది.

ఆ ఆటకి అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది. వాళ్లకి దొరికింది కాపీ సీడీ, దాని మీద ఎవరో నల్లటి స్కెచ్ పెన్నుతో 'రాజ్యాలు' అని రాసి ఉంచారు, వాళ్లకి అదే పేరైపోయింది. బందరు కోనేరు సెంటరు దగ్గర మేడ మీద కంప్యూటరు ఇన్‌స్టిట్యూటు, డిగ్రీ అయిపోయి ఏం చెయ్యాలో తెలియని వాళ్లందరూ చేరేచోటు, మధ్యాహ్నం కరెంటు పోతే జనరేటరు వేసేవాళ్లు, ఆ చప్పుడుకి పాఠం వినపడేది కాదు. కళ్యాణ్ దివిసీమ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, పులిగడ్డ వారధి దాటి, చల్లపల్లి మీదుగా, చొక్కా వీపంతా చెమట. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు క్లాసు అయిపోయాక అందరూ దిగిపోయారు, వాన, గొడుగు లేక హన్నా ఉండిపోయింది, మూలనున్న కంప్యూటరు ముందు అతనొక్కడే కూర్చుని ఉన్నాడు, తెరంతా నలుపు, మధ్యలో చిన్న వెలుగు, ఆ వెలుగులో ఒక బండి, బండి పక్కన ఒక సిపాయి. ఏమిటది అనడిగింది. "ఇంకా తెలీదు," అన్నాడు, "నడిస్తే తెలుస్తుంది." బండిని ఒక గడి జరిపాడు, నలుపు కొంచెం తొలిగి ఒక ఏరు బయటపడింది, నీలంగా, మెరుస్తూ, హన్నా గుండె ఎందుకో గబుక్కున లేచింది, ఆ ఏరు తనే కనిపెట్టినట్టు. ఈనాటికీ అంతే, కొత్త ఆట మొదలుపెట్టి ఆ నలుపులో మొదటి అడుగు వేసినప్పుడు అదే గుబులు, అదే సంతోషం, ఏరుంటుందా, కొండుంటుందా, సముద్రముంటుందా, ఇంతకాలంలో ఎన్ని లోకాలు తెరిచిందో, ఏ లోకమూ ఇంకోదానిలా లేదు. "ఇద్దరాడొచ్చా?" అని అడిగింది ఆ రోజే. ఆడొచ్చు, ఒకే కంప్యూటరు మీద, ఒకరి తర్వాత ఒకరు. తన వంతు అయ్యాక ఒక మీట నొక్కాలి, నొక్కేదాకా లోకం కదలదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, ఎండ అట్లాగే ఉంటుంది, సిపాయిలు ఎత్తిన కత్తి దించరు. అది నచ్చింది ఆమెకి. ఇంట్లో, చర్చిలో, కాలేజీలో ఎక్కడా ఎవరూ ఆలోచించుకోనిచ్చేవాళ్లు కాదు.

ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు తెర చూడకూడదు, అది నియమం. అందుకని అటు తిరిగి కూర్చునేవాళ్లు. వీపు వెనక అతని మౌసు చప్పుడు. టిక్, చాలాసేపు ఏమీ లేదు, టిక్ టిక్. గోడకున్న క్యాలెండరు చూస్తూ ఆ చప్పుళ్లు లెక్కపెట్టకుండా వినేది, ఇప్పుడు సైన్యం జరుపుతున్నాడు, ఇప్పుడు సందేహిస్తున్నాడు, ఇప్పుడు నన్ను తలుచుకున్నాడు. ప్రేమించానని అతను ఎప్పుడూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒకరోజు తన వంతులో తెర ముందు కూర్చునేసరికి అతని రాయబారి వచ్చి నిలబడి ఉన్నాడు, శాశ్వత సంధి కావాలని, ఆటలో మామూలుగా వచ్చే మాటే, కింద రెండు మీటలు, సరే, వద్దు. హన్నా సరే నొక్కి వెనక్కి తిరిగి చూస్తే అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ పై నెలలో వాళ్లమ్మ వెంకాయమ్మని తీసుకుని బందరు వచ్చాడు, పెళ్లి మాట్లాడటానికి. మాట్లాడిందంతా వెంకాయమ్మే.

గుడ్లవల్లేరులో జనం దిగారు, జనం ఎక్కారు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ కూలబడింది, ఒళ్లో బుట్ట, బుట్ట నిండా దొండకాయలు. కూర్చున్న మరుక్షణమే హన్నాని పైనించి కిందిదాకా చూసింది, బొట్టులేని నుదురు, మెళ్లో సన్నటి గొలుసు, నీలం చీర.

"బందరేనా అమ్మా? కోర్టు పనా, ఆస్పత్రి పనా? పొద్దున బండికి వెళ్లేవాళ్లకి ఆ రెండే పనులు."

"ఆస్పత్రేనండి," అంది హన్నా. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

"పిల్లలెంతమంది?"

"లేరండి."

"అయ్యో. ప్రార్థన చేసుకో తల్లీ, ఇస్తాడు దేవుడు," అంది ఆవిడ, అని బుట్టలోకి చూసుకుని దొండకాయలు సర్దుకుంది, ఆ సంగతి అక్కడితో తేలిపోయినట్టు.

ఇస్తాడు. ఈ మాట ఎన్ని గొంతుల్లో వింది, పాస్టరుగారి గొంతులో, పక్కింటావిడ గొంతులో, మందుల షాపులో కూడా ఒకాయన గొంతులో, బైబిల్లో హన్నాకి ప్రార్థిస్తే కొడుకునివ్వలేదా, పేరుకి తగ్గట్టు కనిపెట్టుకుని ఉండమ్మా హన్నా అని. గుడివాడలో మేడమీద రెండుగదుల వాటా, పెళ్లయిన కొత్తలో, కింద ఇంటివాళ్ల బాదంచెట్టు కొమ్మ కిటికీలోకి వచ్చేది, కళ్యాణ్‌కి రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, ఆమెకి అప్పుడే కాలేజీలో చేరిక, ఎవరో అమ్మేసిన కంప్యూటరు కొనుక్కొచ్చి వంటింటికీ పడకగదికీ మధ్య బల్ల మీద పెట్టారు. ఆ సాయంత్రాలు. తన వంతయ్యాక పొయ్యి దగ్గరికి, అతని వంతయ్యాక అతను బట్టలు మడతపెట్టడానికి, ఇంకొక్క వంతు, ఇంకొక్కటే, అన్నం అడుగంటేది, ఆ మాడు వాసనలో ఒక కోట కట్టడం పూర్తయ్యేది, ఇద్దరూ గిన్నె గోక్కుని తింటూ ఎవరి ఏనుగులు ఎక్కడున్నాయో ఒకరికొకరు చెప్పకుండా నవ్వుకునేవాళ్లు. ఊళ్లకి పేర్లు పెట్టుకునేవాళ్లు. ఆమె ఊళ్లు బందరు, పెడన, చిలకలపూడి, మంగినపూడి. అతనివి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. ఆమె ఎప్పుడూ సముద్రం ఒడ్డునే ఊరు కట్టేది, రేవుంటే పడవలొస్తాయి, పడవలొస్తే సిరి. అతను మాత్రం ఎంత మంచి తీరం దొరికినా లోపలికి వెళ్లిపోయేవాడు, నాలుగైదు గడులు అవతలికి, బీడు నేలైనా సరే. ఓడిపోతావు అలా అయితే అని ఆమె వెక్కిరించేది. ఒకసారి సెలవులకి నాగాయలంక వెళ్లినప్పుడు, మజ్జిగ చిలుకుతూ వెంకాయమ్మ తనంతట తనే చెప్పింది, ఉప్పెన నాడు నా చంకలోంచే పోయిందమ్మా నా పెద్దపిల్ల, నడిచే పిల్ల, వీడు ఆ తర్వాత మూడేళ్లకి పుట్టాడు, వాడికి ఆ అక్క ముఖం కూడా తెలీదు. తెలియకపోయినా. ఆ తర్వాత హన్నా అతన్ని తీరం సంగతి వెక్కిరించలేదు. ఎందుకు మానేసిందో అతనూ అడగలేదు.

ఆ పిల్ల పోయిన చోట ఇంకో పిల్ల కావాలి వెంకాయమ్మకి. తప్పేముంది. ఆవిడ ఒక్కనాడూ కోడల్ని ఒక్కమాట అనలేదు, సంచి నిండా వేరుశనగలు పంపేది, బెల్లం పంపేది, ఒళ్లు చూసుకోమని కబురు చేసేది, అదే బరువు. విజయవాడ ఆస్పత్రి. సూదులు. పొద్దున సూది, మధ్యాహ్నం కాలేజీ, నడుం కింద నీలం మచ్చలు, చీర కుచ్చిళ్లు దోపుకుంటే నొప్పి. మొదటిసారి నిలబడలేదు, రెండోసారి నిలబడ్డట్టే నిలబడి పోయింది. మూడోసారి డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయి, "ఇక నా వల్ల కాదు కళ్యాణ్," అంది. అతను పక్కన కూర్చోలేదు. రెండు మెట్లు కింద నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఏమైనా అంటాడని చూసింది. సరే అనొచ్చు, ఇంకొక్కసారి అనొచ్చు, తిట్టొచ్చు. బస్సు టైమవుతోంది అన్నాడు. గుడివాడ దాకా బస్సు కిటికీలోంచి చేపల చెరువులు, ఏరేటర్లు తిరుగుతూ తెల్లటి నీళ్లు చిమ్ముతూ. ఇంటికొచ్చాక అతను కంప్యూటరు పెట్టాడు. తన వంతు వచ్చి కూర్చుంది. ఎన్నేళ్ల నాటి సంధి, ఆట మారినా ఇద్దరి మధ్యా ఎప్పుడూ తప్పని సంధి, తెగిపోయి ఉంది. ఆమె బందరు తగలబడుతోంది. ఆటలో చిన్న బొమ్మ, నారింజరంగు మంట, దానికి చిటపటమని చిన్న చప్పుడు కూడా ఉంటుంది. ఆ చప్పుడు వింటూ ఎంతసేపు కూర్చుందో. అదీ సమాధానం అనుకుంది. నోటితో అనలేనిది ఇలా అన్నాడు, నా వంశం తగలబెట్టావు అన్నాడు. లేచి కంప్యూటరు కట్టేసి, కంచాలు పెట్టి, అన్నం వడ్డించింది. అతను తిన్నాడు. అదేమిటని ఆమె అడగలేదు. అడిగితే పైకి అనేస్తాడేమోనని భయం.

బండి కవుతరంలో ఆగింది. ఎవరూ ఎక్కలేదు. పట్టాల పక్క గడ్డిలో కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి బండిని లెక్కచెయ్యకుండా నీళ్లలోకే చూస్తోంది. అట్లా నిలబడేవాడు, రెండు మెట్లు కింద. ఇన్నేళ్లూ ఆమె అదే మెట్ల మీద కూర్చుని ఉంది, కాలేజీలో పాఠం చెబుతున్నా, చర్చిలో పాట పాడుతున్నా, అతని వీపునే చూస్తూ, ఇటు తిరుగు, ఇటు తిరుగు. తర్వాత పెద్ద గొడవేం జరగలేదు. జరిగితే బాగుండేది. నాగాయలంకలో సొంతంగా ల్యాబ్ పెడతానన్నాడు, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసేది, అమ్మ కూడా ఒక్కతే ఉంది అన్నాడు. పెట్టు, అంది. మొదట వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకి, తర్వాత పండగలకి, తర్వాత పండక్కి కూడా చెరువుల సీజనంట. వస్తావా నాతో అని అతను అడగలేదు, ఉండిపో అని ఈమె అనలేదు. ఎవరిని అడిగినా ఏం చెబుతుంది, ఏం జరిగింది మీకు అంటే.

ఆట మాత్రం ఆగలేదు. అదే విచిత్రం. వెళ్లిన కొత్తలోనే ఒకరోజు మెయిల్ వచ్చింది, పైన ఏమీ రాయలేదు, కింద ఏమీ రాయలేదు, ఆట ఫైలు ఒక్కటే. తెరిస్తే కొత్త లోకం, నలుపు, వెలుగు, అతను తన మొదటి వంతు ఆడేసి పంపాడు. ఆ రోజు ఆమె కాలేజీకి సెలవు పెట్టింది. ఎంత సంతోషమో, చెప్పుకోవడానికి కూడా సిగ్గు, పెళ్లికూతురికి చీర పంపినట్టు. తన వంతు ఆడి, తనూ ఏమీ రాయకుండా తిరిగి పంపింది. ఆరేడేళ్లు అలాగే. కంప్యూటర్లు మారాయి, కొత్తవాటిలో ఆ ముసలి ఆట నడవదని ఒక పాత లాప్‌టాప్‌ని పసిపిల్లలా కాపాడుకుంటూ వచ్చింది, దాని మూత పగిలితే టేపు వేసింది, కాలేజీలో వేరేవాళ్లు అడిగితే పాడైపోయిందని చెప్పింది. ఇంకెన్నో కొత్త ఆటలొచ్చాయి, మనుషులు మనుషుల్లాగే ఉండేవి, నీళ్లు నీళ్లలాగే. చూసింది, నచ్చలేదు. ఈ ఆటలో ఏరు చిన్న నీలం గీతే, అయినా ఆ గీత పక్కన ఊరు కట్టి, గింజలు నిల్వచేసి, దారి వేసి, బడి కట్టి, ఏళ్లు గడిచి ఆ ఊరు పెద్దదవుతుంటే, సాయంత్రం దీపం పెట్టిన ఇంట్లో ఒక్కతే కూర్చుని కూడా ఒంటరిగా అనిపించేది కాదు. తనొక్కతే కంప్యూటరు మీద ఆడుకున్న ఆటలూ ఉన్నాయి, గెలిచినవీ ఓడినవీ, వాటి హాయి వాటిదే. కానీ కళ్యాణ్ ఫైలు వేరు. ఫైలు తెరవగానే మొదట అతని ఊళ్లవైపు వెళ్లేది. గోడలు కట్టాడంటే దేనికో భయపడుతున్నాడు. పడవని ఒక్కదాన్నే తిప్పుతున్నాడంటే నిద్రపట్టడం లేదు. చెరువులకి రోగం వచ్చిన ఏడాది వంతు వెంట వంతు ఏమీ చెయ్యకుండానే పంపేవాడు, అప్పుడామె తన ధాన్యం పడవల్ని అతని ఊళ్లకి పంపేది, ఊరికే, ఏమీ అడక్కుండా, ఆటలో దానికి కానుక అని పేరు. మరుసటి ఫైలులో ఆ ధాన్యం తీసుకున్నట్టు ఉండేది. అంతే. ఒక్కటే లోటు, వీపు వెనక ఆ చప్పుడు లేదు. అతను వంతు ఆడుతున్నప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడో, మధ్యలో ఎంతసేపు ఆగాడో, తలెత్తి కిటికీలోకి చూశాడో, ఫైలులో అవి రావు. కొన్నిసార్లు ఫైలు పంపేశాక గోడవైపు తిరిగి కూర్చునేది, ఊరికే, పాత అలవాటు.

విడాకుల మాట ఎవరు ముందన్నారు? ఇంకా మంచి వయసే కదమ్మా ఇద్దరిదీ, ఇలా అటూ ఇటూ కాకుండా ఎందుకు అని పెద్దలెవరో అన్నారు. అతన్ని అడిగితే ఆమె ఇష్టం అన్నాడట. ఆమెని అడిగితే ఆయన ఇష్టం అంది. ఆ రెండు ఇష్టాలూ కలిపి లాయరు శ్రీదుర్గగారు పిటిషను రాశారు. మొదటిసారి కోర్టులో జడ్జిగారు ఆరునెలలు ఆలోచించుకోండి అన్నారు. ఆ ఆరునెలలూ ఇద్దరూ ఆడుకున్నారు, ఎప్పటికన్నా ఎక్కువ ఆడుకున్నారు, కొన్ని రోజులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆఖరుది మొన్నామధ్య వచ్చింది. తెరిచి చూస్తే అతని రాజధాని ఖాళీ. ఒక్క సిపాయి లేడు, గోడలు తనే పడగొట్టేసుకున్నాడు, ఆమె గుర్రాలు ఒక్క అడుగు దూరంలో ఉన్నాయి. అడుగు వేస్తే ఆట అయిపోతుంది. ఆమె వెయ్యలేదు. ఫైలు తిరిగి పంపనూ లేదు. రోజూ తెరిచి ఆ ఖాళీ ఊరిని చూసి మూసేసేది.

వడ్లమన్నాడు దాటింది, తర్వాత పెడన. పెడనలో దొండకాయల ఆవిడ దిగుతూ, "నయమవుతుందిలే తల్లీ," అంది. చిలకలపూడి దాటాక గాలి మారింది, ఉప్పు వాసన, చిన్నప్పటి వాసన, పుట్టిన ఊరు దగ్గరపడుతోంది. ఇప్పుడైనా వద్దంటే? ఎవరు? తనంటే? అతను అవునని తను కాదంటే, ఆ అవును వినడం ఎలా. అతనే అనాలి. అంటే మటుకు ఈ చీరతోనే, ఈ సంచితోనే నాగాయలంక బస్సు ఎక్కేస్తుంది, కాలేజీకి ఫోను చేసి చెప్పేస్తుంది. ఒక్కసారి అంటే చాలు.

అనలేదు. కోర్టు హాల్లో ఫ్యాను కింద నిలబడ్డారు ఇద్దరూ, మధ్యలో శ్రీదుర్గగారు. కళ్యాణ్ తల అక్కడక్కడా నెరిసింది, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. జడ్జిగారు పెద్దావిడ, కళ్లద్దాల మీదుగా చూస్తూ ముందు అతన్ని అడిగారు, ఆలోచించుకున్నారా, మీ ఇష్టంతోనేనా అని. అతను హన్నా వైపు తిరిగాడు. నిజంగా తిరిగాడు, నీలం చీరని చూశాడు, ముఖంలోకి చూశాడు, ఆ చూపులో ఏదో అడుగుతున్నాడని ఆమెకి తెలిసింది, తల అడ్డంగా ఊపితే చాలునేమో అనిపించింది, నేనెందుకు ఊపాలి, ఎప్పుడూ నేనేనా, అనిపించింది, ఊపలేదు. "అవునండి," అన్నాడు, జడ్జిగారికి వినపడక మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత ఆమె వంతు. "అవునండి," అంది, పాఠం చెప్పే గొంతు, గట్టిగా, స్పష్టంగా వచ్చేసింది. అయిపోయింది. ఇంత చిన్నదా అనిపించింది.

బయట ఎండ కాస్తోంది. శ్రీదుర్గగారు ఇంకో కేసుందని వెళ్లిపోయారు. ఇద్దరూ కోర్టు గేటు దగ్గర నిలబడ్డారు, ఎటు వెళ్లాలో తెలియనట్టు. "పొద్దున్నుంచి ఏమీ తినుండవు," అన్నాడు కళ్యాణ్. నిజమే. రోడ్డవతల చిన్న హోటల్లో కూర్చున్నారు, రెండు పెసరట్లు చెప్పాడు, ఆమెకి అల్లం ఎక్కువ వెయ్యమని చెప్పాడు.

"ఫైలు వచ్చిందా?" అన్నాడు కాసేపటికి.

"వచ్చింది."

"నువ్వు పంపలేదు."

"నీ రాజధానిలో ఒక్క సిపాయి లేడు కళ్యాణ్."

అతను పెసరట్టు తుంచాడు. నోట్లో పెట్టుకోలేదు. "విడిపోయేముందు నీకేదైనా ఇవ్వాలనిపించింది."

"నేనడిగానా గెలుపు?" గొంతు పెరిగింది, పక్క బల్ల వాళ్లు చూశారు, చూడనీ. "ఇక ఆడను. ఆటంటే విసుగొచ్చి కాదు. నీ ఫైలు రాని రోజు నాకు ఎలా ఉండేదో నీకు తెలీదు. అయినా ఆడను. అందులో దాక్కుంటున్నాం ఇద్దరం." ఆగింది. అడగకూడదనుకున్నది, ఇన్నేళ్లూ అడగనిది, ఇప్పుడిక పోయేదేముంది. "ఆ రోజు నా ఊరెందుకు తగలబెట్టావు?"

ఏ రోజని అతను అడగలేదు.

"తిడతావనుకున్నాను," అన్నాడు. "తిడతావో, ఏడుస్తావో, మౌసు విసిరికొడతావో. ఏదో ఒకటి చేస్తే నేనూ నోరు తెరవొచ్చనుకున్నాను. నువ్వు కంప్యూటరు కట్టేసి అన్నం పెట్టావు."

"నోరు తెరిచి ఏం చెబుదామని?"

హన్నా ఎదురుచూసింది, వీపు తిప్పుకోకుండా, అతని ముఖంలోకే చూస్తూ.

"హమ్మయ్య అని."

"ఏంటీ?"

"నువ్వు మెట్లమీద కూర్చుని ఇక నా వల్ల కాదన్నావు చూడు. నాకు హమ్మయ్య అనిపించింది హన్నా. ఆ సూదులు నీకు పొడుస్తుంటే నేను బయట వరండాలో నిలబడి చెవులు మూసుకునేవాణ్ని. నువ్వు అరవకపోయినా మూసుకునేవాణ్ని. ఇక అక్కర్లేదనగానే, నీ పక్కన కూర్చుంటే ఏడ్చేస్తానని అటు తిరిగాను. మా అమ్మ అంత ఆశపడుతుంటే నాకు హమ్మయ్య ఏమిటని సిగ్గేసింది. నీకు చెబితే నువ్వేమనుకుంటావోనని..." 

హన్నా మంచినీళ్ల గ్లాసు ఠక్కున కింద పెట్టింది, నీళ్లు బల్లమీద ఒలికాయి. ఎన్ని ఏళ్లు. మెట్లమీద కూర్చున్న తను, రెండు మెట్ల కింద అతని వీపు, ఆ వీపు మీద తను చదువుకున్నదంతా, ఒక్కొక్క అక్షరం. అందులో ఒక్కటీ అక్కడ లేదు. కోపం వచ్చింది, ఎంత కోపమంటే లేచి వెళ్లిపోదామనుకుంది, ఈ మాట గంట క్రితం అనొచ్చుగా, ఫ్యాను కింద నిలబడి నావైపు తిరిగినప్పుడు అనొచ్చుగా. నేను మటుకు అడగొచ్చుగా. జడ్జిగారి పెన్ను కదిలిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

"అమ్మకి చెప్పాను పోయినేడు," అన్నాడు కళ్యాణ్, బల్ల మీద నీళ్లు చేత్తో పక్కకి తోస్తూ. "ఈ మాట నాకెందుకురా, ఆ పిల్లకి చెప్పు అంది. చెబుదామని గుడివాడ వచ్చాను కూడా. మీ కాలేజీ గేటు దాకా వచ్చాను. నువ్వు పిల్లలతో నవ్వుతూ బయటికొస్తున్నావు. బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకులే అని తిరిగి వెళ్లిపోయాను."

"ఎప్పుడు?"

"వానాకాలం. అప్పుడు నువ్వు జుట్టు కత్తిరించుకుని ఉన్నావు."

ఆ జుట్టు మళ్లీ పెరిగింది. ఆ రోజు ఏ రోజో ఆమెకి గుర్తు లేదు, గేటువైపు ఒక్కసారి చూసి ఉంటే. సర్వరు వచ్చి కాఫీ చెప్పమంటారా అనడిగాడు, ఇద్దరూ తలూపారు. బయట స్టేషను వైపు వెళ్లే ఆటోవాడు జనాన్ని పిలుస్తున్నాడు. కళ్యాణ్ గోడ మీద గడియారం చూశాడు.

"నీ బండి వెళ్లిపోతుందేమో," అన్నాడు.

"వెళ్లనీ," అంది హన్నా. సంచి ఒళ్లోంచి తీసి పక్క కుర్చీలో పెట్టింది. "గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు? చెప్పు."